ఊదా మూత

రక్తం తీసేవాడికి ఇంటర్వ్యూ ఏమిట్రా అని మా బాబాయి ఆశ్చర్యపోయాడు. ఆయన లెక్కలో మా పని రెండే ముక్కలు: పొడవడం, దూది పెట్టడం. ఆ తర్వాత రిపోర్టు ప్రింటర్లోంచి దానంతటదే ఊడిపడుతుంది. ఎమ్మెల్టీ చదివానంటే "డాక్టరు అవ్వబోయి ఆగిపోయావన్నమాట" అని జాలిపడే వంశం మాది.

హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి. పేరెందుకు లెండి. అంతంత చోట్ల ఒక్కరు చూసి ఉద్యోగం ఇవ్వరు. ముందు హెచ్చార్, తర్వాత ల్యాబ్ మేనేజరు, ఆపైన పెథాలజిస్టు మేడం.

హెచ్చార్ అమ్మాయి "మీ రోల్ మోడల్ ఎవరు?" అంది. మాది భీమవరం. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని వదిలేసి ఇంకెవరి పేరు చెబుతాను? 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారనీ, ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో దాన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతనే రాస్తారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుని, "సార్ ఇప్పుడు ఏ హాస్పిటల్లో చేస్తున్నారండీ? రిఫరెన్సుకి ఫోన్ నంబరిస్తారా?" అంది. 1948లోనే పోయారన్నాను. "అయ్యో, సారీ అండీ" అని కాసేపు నిజంగానే బాధపడింది. మంచి పిల్ల.

ల్యాబ్ మేనేజరు అడిగింది ఒక్కటే: పెళ్లయిందా? కాలేదన్నాను. ఆయన కళ్లలో రాబోయే మూడు నెలల నైట్ డ్యూటీ చార్టు తళుక్కుమంది.

అసలు పరీక్ష మేడం దగ్గర. ఫైలు పక్కకి నెట్టేసి, రంగురంగుల మూతల ట్యూబులు బల్లమీద పరిచి, "వరస చెప్పు" అన్నారు. ముందు నీలం, తర్వాత సీరం ట్యూబు, పచ్చ, ఊదా, చివర్న షుగరుకి బూడిద రంగు. బ్లడ్ కల్చర్ ఉంటే అన్నిటికన్నా ముందు అదే.

"నీలం సగమే నిండితే?"

"పారేసి మళ్లీ తీస్తాను మేడం. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు ఉండాలి. లేకపోతే పీటీ తప్పొస్తుంది."

"సరే. వార్డులో పేషెంటు ఇడ్లీ తింటూ రీల్స్ చూస్తున్నాడు. రిపోర్టులో పొటాషియం 9, కాల్షియం 4. ఏమంటావు?"

"ఆ పొటాషియంతో మనిషి రెండో ఇడ్లీ దాకా రాడు మేడం. ఊదా మూత ట్యూబులోంచి సీరం ట్యూబులోకి ఎవరో ఒంపేశారు. అందులో ఉండే ఈడీటీఏ పొటాషియం లవణమే కదా. పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది."

"చదువుకున్నవాళ్లు ఎక్కడైనా ఒంపుతారా?"

"తెల్లవారుజామున నరం దొరక్కపోతే దేవుడైనా ఒంపుతాడు మేడం."

ఆవిడ నవ్వారు. ఉద్యోగం ఖాయమైంది, ఇక మెడికల్ టెస్టులే అన్నారు.

ల్యాబ్ వాడి చెయ్యి మరో ల్యాబ్ వాడి చేతికి చిక్కడమంటే వంటవాణ్ణి బంతిలో కూర్చోబెట్టినట్టే. ఉప్పు చాలలేదని తెలుస్తుంది, అనడానికి ఉండదు. కుర్రాడు కట్టిన పట్టీ నిమిషం దాటినా విప్పలేదు. "పిడికిలి గట్టిగా మూసి తెరవండి సార్, మళ్లీ మళ్లీ" అన్నాడు. అలా చేయిస్తేనే పొటాషియం పెరుగుతుందని చెప్పబోయి, రేపట్నుంచి పక్క బెంచీ వాడేగా అని నోరు మూసుకున్నాను. ముందు ఊదా మూత నిండా నింపాడు. సీరం ట్యూబులో నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి. వాడు నా మొహం చూశాడు, ట్యూబు చూశాడు. "కాటన్ నొక్కి పట్టుకోండి సార్" అని రెండూ పట్టుకుని తెర వెనక్కి వెళ్లాడు. మూత ఊడిన 'టప్' చప్పుడు స్పష్టంగా వినబడింది. కాసేపటికి ఇంకోటి.

మర్నాడు పొద్దున్నే హెచ్చార్ అమ్మాయి ఫోను. గొంతు వణుకుతోంది.

"సార్, పడుకునే ఉన్నారా? కదలకండి. మీకు పొటాషియం చాలా ఎక్కువుందట, కాల్షియం అసలు లేదట. అంబులెన్సు పంపమంటారా?"

నేను హాస్టల్లో రెండో పెసరట్టు మీదున్నాను. "నాకేం కాలేదమ్మా. ఆ రిపోర్టు ఒక్కసారి పెథాలజిస్టు మేడంకి చూపించండి, ఆవిడకి అర్థమవుతుంది."

"చూశారు సార్. కింద సంతకం ఆవిడదే."