నాలుగు నక్షత్రాల రొయ్య

మన సినిమాకి రివ్యూలో మూడు నక్షత్రాలు పడితే నిర్మాత ఆ సాయంత్రమే సక్సెస్ మీట్ పెట్టేస్తాడు. గోదావరి జిల్లాల రొయ్య నాలుగు కొట్టింది. పాపం, దానికి సక్సెస్ మీట్ లేదు. తల తీయించుకుని, పొట్టు ఒలిపించుకుని, అమెరికా సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో బిగుసుకుపోయి పడి ఉంది.

ఆ నక్షత్రాలు పంచేది న్యూహాంప్‌షైర్‌లో ఉండే గ్లోబల్ సీఫుడ్ అలయన్స్. ముద్ర పేరు బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్; వ్యాపారంలో అందరూ బీఏపీ అంటారు. ప్రాసెసింగ్ ప్లాంటుకో నక్షత్రం, చెరువుకో నక్షత్రం, హేచరీకొకటి, మేత మిల్లుకొకటి. రొయ్య పుట్టిన తొట్టి, తిన్న మేత, పెరిగిన నీళ్లు, గడ్డకట్టిన గది, అన్నిటికీ మార్కులున్నాయి. ఒలిచిన చేతులకి మాత్రం విడిగా నక్షత్రం లేదు. వాళ్ల సంగతి ప్లాంటు నక్షత్రంలోనే కలిసిపోయిందట. కలిసిపోయిన మాట నిజమే, ఎంత వెతికినా కనపడటం లేదు.

ఇవి స్వచ్ఛంద ప్రమాణాలని మర్చిపోకూడదు. ఏ సర్కారూ మెడ మీద కత్తి పెట్టదు. ముద్ర లేకుండానే హాయిగా రొయ్యలు పెంచుకోవచ్చు. విదేశీ దుకాణం వాడు కొననంటే ఇంటిల్లిపాదీ కూర్చుని వేపుడు చేసుకోవచ్చు. 2023-24లో దేశం నుంచి ఎగుమతైన ఘనీభవించిన రొయ్యలు 7 లక్షల టన్నులపైనే. అందులో దాదాపు 3 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. వేపుడుకి కొంచెం ఎక్కువవుతాయేమో.

భీమవరం వైపు ఏదో చెరువు గట్టు మీద ఈ మాటలు నడుస్తున్నాయనుకోండి.

‘‘ముద్ర కావాలంటే తనిఖీ చేయించుకోవాలండి.’’

‘‘ఆయ్, చేయించుకుందామండి. ఖర్చెవరిదండి?’’

‘‘తమరిదే.’’

‘‘మరి రేటేమన్నా పెంచుతారాండి?’’

‘‘రేటు కిలోకెన్ని రొయ్యలన్న కౌంటుని బట్టి ఉంటుంది గానీ ముద్రని బట్టి ఉంటుందా!’’

సీడు, మేత, ఏరియేటర్ల కరెంటు బిల్లు, లీజు సొమ్ము, వైట్ స్పాట్ తెగులు వస్తుందేమోనన్న భయం, వీటి పక్కన ఇదొక పద్దు. పోనీ ఒక ముద్రతో అయిపోతుందా? ఈ దుకాణం వాడికి బీఏపీ, ఆ దేశం వాడికి ఏఎస్‌సీ. ప్రపంచంలోని పర్యావరణ ముద్రలన్నీ జాబితా రాసిన వాళ్లకి 450కి పైగా తేలాయి. చెరువొకటే, నీళ్లొకటే, దాన్ని కొలిచే పుస్తకాలు మాత్రం మారుతుంటాయి.

తనిఖీ కూడా చూడముచ్చటగా ఉంటుంది. చాలా చోట్ల పెళ్లిచూపుల పద్ధతే. ఫలానా రోజు వస్తున్నామని ముందే కబురు. గోడలకి సున్నం, చేతులకి కొత్త గ్లవ్సులు, రిజిస్టర్లలో ముత్యాల్లాంటి దస్తూరీ. మాట్లాడాల్సిన వాళ్లకి ఏం మాట్లాడాలో ముందురోజే చెప్పేసి ఉంటారు. వచ్చినవారికి కాఫీ, ఫలహారం, ఫీజు మనమే ఇస్తాం కాబట్టి సంబంధం తప్పిపోవడం అరుదు.

2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు మన కోస్తాలోని హేచరీలూ చెరువులూ పీలింగ్ షెడ్లూ తిరిగి రాశారు. వీళ్లు కాఫీకి ఆగలేదు కాబోలు, చూసింది వేరుగా ఉంది. ఐసులో పెట్టిన రొయ్యలు గంటల తరబడి ఒలిచి వేళ్లు పాడైన ఆడవాళ్లు రోజూ వైద్యానికి వస్తున్నారని అక్కడి చర్మవైద్యం చేసేవారే చెప్పారు. అదే నెలలో షికాగోకి చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ కూడా మన రొయ్యల కూలీల మీద పెద్ద నివేదిక బయటపెట్టింది. ముద్ర ఉన్న ప్లాంట్లకి కూడా ముద్ర లేని చోట్ల నుంచి సరుకు వస్తోందన్నది అందులో ఒక ఆరోపణ. ఎగుమతిదారులు అంతా అబద్ధమన్నారు. కావచ్చు. అయితే నిజమో అబద్ధమో తేల్చడానికేగా ఇన్నేళ్లుగా అన్ని నక్షత్రాలు పోగేసుకున్నాం?

రొయ్యకి తోడు పత్తి కూడా ఉంది. 2020లో సేంద్రియ వస్త్రాల ముద్ర గాట్స్ వాళ్లు మన దేశంలో ఓ తమాషా పట్టుకున్నారు. దాదాపు 20,000 టన్నుల పత్తికి సేంద్రియమంటూ దొంగ సర్టిఫికెట్లు పుట్టాయి. ఆ కాగితం మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంది. ఫోన్ పెట్టి చూస్తే సర్టిఫికెట్ అసలుదేనని వెబ్‌సైట్ భరోసా ఇస్తుంది. ఆ వెబ్‌సైటే దొంగది! సర్కారు వారి అపెడా సైట్‌ని అచ్చుగుద్దినట్టు దించేశారు. 11 కంపెనీల మీద వేటు పడింది. ఆ శ్రద్ధలో సగం పొలంలో పెట్టినా నిజంగానే సేంద్రియ పత్తి పండేది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు.

2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. కిటికీలకి ఊచలు, తలుపులకి తాళాలు. 250 మందికి పైగా కాలిపోయారు. మంటలకి మూడు వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే కార్మిక ప్రమాణం దక్కింది. సర్టిఫికెట్ మీద పేరు ఇటలీకి చెందిన రీనాది. తనిఖీ చేసింది వాళ్లు పని అప్పజెప్పిన స్థానిక సంస్థ.

ఏడాది తిరక్కుండా, 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలింది. 1,134 మంది పోయారు. ముందురోజే గోడలు బీటలు వారితే కింది అంతస్తుల్లోని బ్యాంకూ దుకాణాలూ మూసేశారు. కుట్టుమిషన్ల వాళ్లని మాత్రం పనిలోకి రమ్మన్నారు. అందులోని ఫ్యాక్టరీల్లో పేరున్న సంస్థలు తనిఖీలు చేసే ఉన్నాయి. మరి ఇదేమిటయ్యా అంటే, మేం చూసింది కార్మికుల పరిస్థితి గానీ కట్టడం పటుత్వం కాదని జవాబొచ్చింది. కార్మికులు ఆ కట్టడంలోనే ఉన్నారన్న సంగతి చెక్‌లిస్టులో లేదు కాబోలు.

ఈ ప్రమాణాలని మెరుగుపరచాలని అందరూ ఒప్పుకుంటారు. అదే 2013లో ఐక్యరాజ్యసమితికి చెందిన ఐదు సంస్థలు కలిసి వీటి కోసమే ఒక ఫోరం పెట్టాయి. 2016లో మన దేశమూ ఢిల్లీలో తన వేదిక వేసుకుంది. ప్రమాణాలు రాసేవాళ్లు పాటించాల్సిన ప్రమాణాలు రాసే సంస్థ కూడా ఒకటుంది, ఐసీల్ అని. దాన్ని ఎవరు తనిఖీ చేస్తారని అడగను, ఇంకోటి పుట్టుకొస్తుందని భయం.

నిజంగా మెరుగుపడిన సందర్భం ఒకటుంది. రాణా ప్లాజా కూలిన నెల లోపే, మే నెలలో, బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి బంగ్లాదేశ్ అకార్డ్ మీద సంతకాలు చేశాయి. అందులో స్వచ్ఛందమల్లా సంతకం పెట్టడం వరకే. ఆ తర్వాత చట్టప్రకారం కట్టుబడాల్సిందే. తనిఖీ ఖర్చు ఫ్యాక్టరీ వాడిది కాదు, బట్టలు కొనే బ్రాండుది. ఇన్‌స్పెక్టర్లు స్వతంత్రులు, పైన పాలకవర్గంలో కార్మికులకీ కుర్చీ ఉంది, రిపోర్టులు ఎవరైనా చదువుకోవచ్చు. 1,600కి పైగా ఫ్యాక్టరీలు చూశారు. మరమ్మతుల సంగతి పట్టించుకోలేదన్న ఫిర్యాదు మీద ఒక బ్రాండు 2018లో 23 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. నక్షత్రాలేమీ ఇవ్వలేదు. కరాచీ మండిన దేశానికి ఆ ఒప్పందం చేరేసరికి 2023 వచ్చింది.

మన రొయ్యకి అలాంటిదేదీ ఇంకా లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారం ఇగురుకని ఫ్రీజర్ తలుపు తీసే అమ్మలారా, అయ్యలారా, ప్యాకెట్ మీద నక్షత్రాలు లెక్కపెట్టడం ఈసారికి ఆపండి. కౌంటర్ దగ్గర కనపడ్డ మేనేజర్‌ని పిలిచి, ఈ తనిఖీకి డబ్బెవరిచ్చారు, ఆ రిపోర్టు నేనెక్కడ చదవాలి అని అడగండి. తెలీదంటాడు. వచ్చే ఆదివారం మళ్లీ అడగండి. ఇక్కడ పీలింగ్ షెడ్డులో ఒలిచే మనిషి అడిగితే ఆడిటర్ వినడు గానీ, అక్కడ డాలర్ ఇచ్చే మనిషి అడిగితే కంపెనీ వింటుంది.