మేకు దిగే చోటు

మా రోజుల్లో బొంగరం కొనుక్కోవడమంటే ముందు పని మొదలైనట్టు, ఆట తర్వాత. తరిణ పట్టిన కర్ర బొంగరానికి తలకాయ తెగ్గొట్టిన మేకు సరిగ్గా నడిమధ్యన, నిట్టనిలువుగా దిగాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, తూలుతూ పడిపోయేది. లక్క రంగు మరీ నున్నగా ఉంటే తాడు జారేది. అందుకని తాడు చుట్టేచోట ఇటుకముక్కతో రుద్ది గరుకు చేసేవాళ్లం.

ఇక నేల సంగతి. గుడివాడ నల్లరేగడి ఎండాకాలం బండలా బిగిసేది, దానిమీద మొన తేలిన మేకు ఉన్నచోటే నిలిచి తిరిగేది. బందరు సముద్రం వైపు ఇసుక నేలలో అదే మేకు కూరుకుపోయేది. మొన అరగదీసి మొండి చేసుకోవాల్సిందే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై చుట్టుకున్న దివిసీమలో, వాన వెలిసిన ఒండ్రు మీద ఏ మేకూ పనికొచ్చేది కాదు. అవనిగడ్డలో మేనమామ గారింటి గచ్చు అరుగే మాకు దిక్కు. నేలను బట్టి మేకు. ఇది మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, ఓడిపోతూ నేర్చుకున్నాం.

ఇప్పుడు ప్లాస్టిక్ బొంగరానికి మొన కూడా అచ్చులోనే వస్తోంది. మార్చుకునే వీల్లేదు. మార్చాలన్న ఆలోచనే పిల్లలకు రాదు.

హైదరాబాదులో మనవలు నన్ను బంతి దొర్లించి పిన్నుల్ని పడగొట్టే బౌలింగ్ ఆటకి తీసుకెళ్లారు. ఆట గొప్పది, బొంగరంలాగే ఇందులోనూ నేల లెక్క ఉంది. ఫౌల్ గీత నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగుల బాట, దానిమీద కంటికి ఆనని నూనె పొర. మామూలుగా నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా పూసి, పిన్నుల దగ్గర పొడిగా వదిలేస్తారు. గరుకు కాగితంతో రుద్దిన బంతి తొందరగా పట్టు దొరకబుచ్చుకుని వంపు తిరుగుతుంది. మెరుగుపెట్టినది నూనె మీద దూరం జారిపోయి, పొడి చోటు తగలగానే చురుగ్గా మలుపు తీసుకుంటుంది. లోపలి బరువు దిమ్మ ఎటుందో చూసి వేళ్లకు తూట్లు తొలుస్తారు. ఒకే రకం బంతుల్ని రెండు విధాలుగా తొలిస్తే రెండూ రెండు దారులు పడతాయి. 1980ల్లో యూరెథేన్, 1990ల్లో రియాక్టివ్ రెజిన్ పైపొరలు వచ్చి ఆ మలుపును ఇంకా పెంచాయి. వేలు పెట్టని అదనపు తూటును అమెరికా బౌలింగ్ సంఘం 2020 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. ఒక్క తూటుకు అంత బలముంది మరి!

మరి మన పిల్లలు? ఎవరి చేతికీ అమరని తూట్లున్న అద్దె బంతిని రంగు నచ్చిందని ఎత్తుకుంటారు. అది పక్క కాలవలో పడగానే తలెత్తి తెరమీద అంకె చూస్తారు. ఎందుకు పడిందని అడిగే పిల్లవాడు లేడు, దగ్గర కూర్చుని చెప్పే పెద్దవాడూ లేడు. నాకు కడుపు మండేది అక్కడే.

బొంగరం పోయి బంతి వచ్చినందుకు నాకు బాధ లేదు. చేతిలో వస్తువు పైపొర, బరువు, అది పోయే నేల మూడూ కలిపి చూసే అలవాటు పోయింది. దాన్ని మళ్లీ నేర్పవచ్చు. నున్నటి బంతి ఒకటి, గరుకుది ఒకటి అడిగి తీసుకుని, ఒకేచోటి నుంచి వేయించి తేడా చూపించండి. ఇంట్లో కర్ర బొంగరం, మేకు, సుత్తి పిల్లవాడి ముందు పెట్టండి. మేకు వంకరగా దిగితే మీరు సరిచేసి ఇవ్వకండి. పీకి, వాణ్ణే మళ్లీ కొట్టుకోనివ్వండి.