వంగిన పిన్ను: నిదానం, చికిత్స

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీటను సాకెట్ అంటారు. ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్‌జీఏ 1700 రకంలో ఈ పీట రమారమి అగ్గిపెట్టెంత ఉంటుంది. ఆ కాస్త చోటులో 1700 పిన్నులు. ఒక్కొక్కటీ బంగారు పూత పూసిన సన్నని రాగి మిశ్రమపు రేకు. స్ప్రింగులా ఒక పక్కకు వాలి నిలబడుతుంది. ప్రాసెసర్ అడుగున అన్నే చదునైన బొట్లు ఉంటాయి. పైన ఇనుప చట్రం వాల్చి మీట బిగిస్తే బొట్టు బొట్టుకూ ఒక పిన్ను తగులుతుంది. భీష్ముడు అంపశయ్య మీద పడుకుని ఉత్తరాయణం కోసం చూశాడు. ప్రాసెసర్ కరెంటు కోసం చూస్తుంది. ఆయన పక్కలో ఒక బాణం వంగి ఉన్నా ఓర్చుకునేవాడేమో గానీ దీనికి ఆ సహనం లేదు.

ఈ పిన్నులు మొదట్లో ప్రాసెసర్ ఒంటికే ఉండేవి. 1971 నాటి ఇంటెల్ 4004 చిప్పుకు 16 కాళ్లు, 1978 నాటి 8086కు 40, 1989 నాటి 486కు 168. కాలు వంగితే గ్రాఫైట్ ముక్క తీసేసిన మరపెన్సిల్ గొట్టాన్ని దానికి తొడిగి నిలబెట్టేవారు. వరసల మధ్య పాత ఏటీఎం కార్డు దూర్చి సరిచేసేవారు. 2004లో ఎల్‌జీఏ 775తో ఇంటెల్ ఈ కాళ్లను బోర్డుకు బదిలీ చేసింది. ఏఎండీ తన సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో 2022 దాకా ఆగి, ఏఎం5 సాకెట్‌లో 1718 పిన్నులను బోర్డుకు అప్పగించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కె.కోటపాడు మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. రెండు మార్పులకూ సంబంధం లేదు గానీ ఫలితం ఒకటే: పాత ఆఫీసుకు వెళ్లినవాడికి పని కాదు, కొత్త సాకెట్‌కు పాత ఏటీఎం కార్డు పనికిరాదు.

పిన్నులు వాటంతట అవి వంగవు. వంచడానికి ఒక మంచి ఉద్దేశం కావాలి. ప్రాసెసర్‌ను నిలువుగా దించకుండా ఒక అంచు ఆనించి జరపడం మొదటి కారణం. బిగించేటప్పుడు వేలు జారి అది బోర్లా పడడం రెండోది. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ తెరిచి ఉన్న సాకెట్‌నూ గుడ్డతో తుడవడం మూడోది. గుడ్డ పోగు తగులుకుని ఒక్క లాగుకు పది పిన్నులు లేచి వస్తాయి. దూదిపుల్లదీ అదే దారి. కాళ్లున్న పాత రకాల్లో ఇంకొకటి ఉంది. ప్రాసెసర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య పూసిన పేస్టు పాకం ముదిరిన బెల్లంలా గట్టిపడి, ఫ్యాన్‌ను లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. కాసేపు కంప్యూటర్ నడిపి వేడెక్కించి, ఆపాక ఫ్యాన్‌ను కాస్త మెలితిప్పి తీస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

లక్షణాలు ఏ పిన్ను వంగిందన్న దాన్నిబట్టి ఉంటాయి. సాకెట్‌లో ప్రతి పిన్నుకూ ఒక ఉద్యోగం ఉంది. కరెంటు తెచ్చేవి, గ్రౌండుకు చేర్చేవి వందల్లో ఉంటాయి. పెళ్లి వడ్డనలో ఒకడు తప్పుకున్నట్టు, వాటిలో ఒకటి పనిచేయకపోయినా పంక్తి ఆగకపోవచ్చు. మెమరీకి వెళ్లే పిన్ను వంగితే 16 జీబీ బిగించిన చోట 8 జీబీ కనిపించవచ్చు. బండి కదులుతుంది గానీ ఒక ఎద్దు పడుకుంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేది వంగితే కార్డు ఉన్నా లేనట్టే కావచ్చు. ఎక్కువసార్లు కనిపించేది మాత్రం ఫ్యాన్లు తిరిగి బొమ్మ రాకపోవడం. అన్నిటికన్నా చెడ్డది రెండు పిన్నులు ఒకదాన్నొకటి తాకడం. వాటిలో ఒకటి కరెంటుదైతే “ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం” అన్న మాటతో బోర్డుతోపాటు ప్రాసెసర్ కూడా పోవచ్చు.

రోగ నిర్ణయంలో తొలి ఘట్టం విచారణ. సాకెట్‌ను ఎవరైనా ముట్టుకున్నారా అని మెకానిక్ అడుగుతాడు. “ఎవులూ ముట్టుకోనేదు బాబూ, దుమ్ముంటే కూసింత తుడిసేం” అని జవాబు వస్తుంది. నిర్ణయం అక్కడితో సగం పూర్తయినట్టే. మిగతా సగానికి పక్కనుంచి వెలుతురు, భూతద్దం, లేదా దగ్గరగా ఫొటో తీయగల ఫోను చాలు. బాగున్న పిన్నులన్నీ ఒకే వైపు వాలి ఒకే తీరున మెరుస్తాయి. చెడ్డచోట మెరుపు తప్పుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక చెరకు తోట చూసినవారికి ఈ దృశ్యం వేరే వర్ణించనక్కరలేదు.

ఆయుర్వేదంలో రోగకారణం పసిగట్టడాన్ని నిదానం అంటారు. వాడుకలో తొందరపడకపోవడాన్ని అదే మాటతో చెబుతారు. ఈ రోగానికి రెండూ కావాలి. ముందు కరెంటు తీగ పీకాలి. ఒంటిమీది స్థిర విద్యుత్తు పోయేలా ఇనుప క్యాబినెట్‌ను ఒకసారి తాకాలి. సన్నని కుట్టుసూది కొసతో వంగిన పిన్నును కొద్దికొద్దిగా ఎత్తుతూ, ప్రతిసారీ పక్క వరసతో పోల్చి చూడాలి. పడిపోయిన చెరకును జడచుట్టు కట్టి నిలబెట్టే రైతుకు ఈ ఓపిక తెలుసు; ఎంత లేస్తుందో అంతే లేపుతాడు, నిటారుగా చేయాలని పంతం పట్టడు. లోహం వంచిన కొద్దీ పెళుసెక్కుతుంది. ఇటు వంచి, అటు వంచి, “మళ్లీ కొంచెం” అన్నప్పుడు పిన్ను చేతికొస్తుంది.

విరిగిన పిన్ను గ్రౌండుదైతే బోర్డు బతకవచ్చు. కాకపోతే సాకెట్ మొత్తం మార్చాలి. దాన్ని అడుగున వందల టంకం గుళ్లు పట్టి ఉంచుతాయి. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో అయ్యే పని కాదు. ప్రత్యేక యంత్రం, అలవాటుపడ్డ చెయ్యి కావాలి. బోర్డును విశాఖ బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లేముందు, పోనురాను శ్రమ, మరమ్మతు కూలి కలిపి కొత్త బోర్డు ధరతో పోల్చి చూసుకోవడం మంచిది. వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు. వంగిన పిన్ను సాధారణంగా వాడినవారి చేతి తప్పు కిందే జమ.

కాబట్టి కొనేటప్పుడే దుకాణంలో పెట్టె విప్పించి, సాకెట్ చూసి, ఫొటో తీసుకోవాలి. బిగించేటప్పుడు ప్రాసెసర్ అంచుల గాట్లు, మూలనున్న త్రికోణం గుర్తు కలిపి, నొక్కకుండా, జరపకుండా దించి వదలాలి. సాకెట్ మీద వచ్చిన ప్లాస్టిక్ మూతను పారేయకూడదు; మీట బిగించగానే ఊడి వచ్చే ఆ ముక్క లేకపోతే రేపు బోర్డు వాపసు తీసుకోనివారూ ఉంటారు. ప్రాసెసర్ తీసిన మరుక్షణం దాన్ని తిరిగి తొడగాలి. ఆవకాయ జాడీకి మూత పెట్టి, పైన వాసెన కూడా కట్టే ఇళ్లలో ఇది నేర్పాల్సిన విద్య కాదు.