ఉభయకుశలోపరి: ఒక బహిరంగ లేఖ

జేబులో నిముడు దినచర్యాయంత్రమునకును, బల్లమీది కంప్యూటరునకును సంధి కుదుర్చు సాఫ్ట్‌వేర్‌ను నిర్మించి పాలించుచున్న మహారాజశ్రీ ప్రధానాధికారిగారి దివ్యసముఖమునకు ఒక సామాన్య వినియోగదారుడు చేసికొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఈ మాటను మా పెద్దలు ప్రతి జాబునకును మొదట నలంకారముగా వ్రాయుచుండిరి. తమ సాఫ్ట్‌వేర్‌ను రెండేండ్లు వాడిన పిమ్మట, ఉభయపక్షములును ఒక్కసారి కుశలముగా నుండుట యెంత దుర్లభమో తెలిసివచ్చినది గనుక, నేను దీనిని ప్రార్థనగా వ్రాయుచున్నాను.

ముందుగా కృతజ్ఞత. పైలట్ అను జేబుయంత్రము 1996లో వెలువడుటకు పూర్వము, దాని సృష్టికర్త జెఫ్ హాకిన్స్ చొక్కాజేబులో పట్టు కొయ్యముక్క నొకదానిని వెంట నుంచుకొని, దానిపై వ్రాయుచున్నట్లు నటించుచు, మనుష్యునకు నిజముగా నెట్టి యంత్రము కావలయునో కనిపెట్టెనని ప్రసిద్ధి. ఆ కొయ్యముక్క ఫలముగా పుట్టిన పైలట్ 1000కు జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. అయినను, కంప్యూటరునకు తగిలించిన క్రేడిల్ అను పీఠమున నిలిపి ఒక్క మీట నొక్కినంతనే జేబులోని వ్రాతలు బల్లమీదికిని, బల్లమీదివి జేబులోనికిని చేరుట ఆనాటి కొక యద్భుతము. పూర్వపు షావుకారు కొట్టులో చిట్టాకును ఆవర్జాకును గల సంబంధమే యిది: చేతిలోనిది చిట్టా, బల్లమీదిది ఆవర్జా, నడుమ తమ సాఫ్ట్‌వేర్ గుమాస్తా. తమ సంస్థ పేరు నేను చెప్పను. పైలట్ తరువాత పుట్టిన పెక్కు యంత్రములలో నాదియు నొకటి, గుమాస్తా స్వభావము మాత్రము కులధర్మముగా వచ్చినది.

ఇక సంగతి. గత మాఘమాసమున మా వియ్యంకుడుగారు ఇల్లు మారిరి. ఆయన బెజవాడ స్టేషనులో నాకెదురుపడి ఫోను నంబరు కూడ మారినదని చెప్పగా, బండి కూత వేయుచుండగనే స్టైలస్ పుల్లతో జేబుయంత్రమున దానిని దిద్దితిని. అదే యుదయమున ఇంటియొద్ద మా అబ్బాయి కంప్యూటరులో ఆయన క్రొత్త డోరు నంబరు వ్రాసినాడు. సాయంకాలము నేను మీట నొక్కితిని. యంత్రము కార్యము ముగిసినదని మంగళధ్వని చేసెను. తెరచి చూతునుగదా, వియ్యంకులిద్దరు! క్రొత్త ఫోనుతో పాతయింట నొకరు, పాత ఫోనుతో క్రొత్తయింట నొకరు. మా ఆవిడ తెరవంక తొంగిచూచి, "ఏమండీ, మనింట పెళ్ళయింది ఒక్క పిల్లకేగా, ఈ రెండో ఆయన ఎవరు?" అని అడిగినది. ఉగాదికి నేను వ్రాసిన జాబు పాతయింటికి పోయి, తిరిగి నాయొద్దకే వచ్చినది.

ఇందలి కీలకమును తెలిసినవారి నడిగితిని. ఈ జాతి యంత్రములలో ప్రతి వ్రాతకును "ఇది మారినది" అని చెప్పు ఒక్క బిట్టు గుర్తు మాత్రమే యుండునట. అందలి యే గడి మారెనో, ఎప్పుడు మారెనో దానికి తెలియదు. గుర్తు రెండువైపులను కనబడినచో, ఎవరిని కాదన్న నే ముప్పు వచ్చునో యని గుమాస్తా ఇద్దరిని నిలుపును. ఎవరి వ్రాతయు పోరాదను సంకల్పము మంచిదే; కాని, తగవు తీర్చలేక ఆస్తిని రెట్టింపు చేయు న్యాయాధికారిని మేమెచ్చటను ఎరుగము.

మా యూళ్లలో గట్టు తగాదా వచ్చినప్పుడు పాత దస్తావేజు తీయించి చూచువాడే పెద్దమనిషి. అట్లే గడచినసారి ఉభయులును ఏకీభవించిన నాటి ప్రతి నొకదానిని కంప్యూటరులో భద్రపరచుడు. జేబులో చోటు కరవైనను బల్లమీద కొదువ లేదు గదా! ఆ మూడవ ప్రతితో పోల్చినచో, ఫోను దిద్దినది జేబుయంత్రమనియు, ఇల్లు దిద్దినది కంప్యూటరనియు క్షణములో తేలును. రెండు దిద్దుబాట్లును ఒక్క వియ్యంకునియందే యిమిడిపోవును. ఇరువైపులను ఒకే గడి మారినప్పుడు మాత్రము, రెంటిని ప్రక్కప్రక్కన చూపి, ఏది నిజమని నన్ను అడుగుడు. ఒక దిక్కు రెండవ దిక్కును తుడిచివేయునట్లు నేను ఆజ్ఞ యిచ్చినప్పుడు, ఎన్ని పేర్లు పోవునో ముందుగా చెప్పుడు. పొరబడితినేని వెనుకకు మరలు దారి నుంచుడు.

మరియొక్క మాట. ప్రపంచ లిపులకు సంకేతసంఖ్యల నిచ్చు యూనికోడ్ తొలి కూర్పునందే, 1991లోనే, తెలుగునకు స్థానము దొరకినది. అయినను నేను కంప్యూటరులో "వేంకటేశ్వర్లు" అని వ్రాసి మీట నొక్కినచో, జేబులోనికి ప్రశ్నార్థకముల వరుస చేరుచున్నది. పేరు వ్రాసినందులకు అన్ని ప్రశ్నలా?

తాము దయచూపు వరకు నేనొక ఉపాయము చేసితిని. యంత్రపు తొడుగులో చిన్న కాగితముముక్క నుంచి, వియ్యంకుడుగారి నంబరును పెన్సిలుతో వ్రాసికొంటిని. పూర్వపు గుమాస్తాలవలె పాతదానిని ఒక్క గీతతో కొట్టివేసి, క్రొత్తదానిని పైన వ్రాసితిని. గీత క్రింది పాత అంకె ఇప్పటికిని చక్కగా చదువ వచ్చుచున్నది.

ఇట్లు,
ఒక్క అల్లుడు, ఇద్దరు వియ్యంకులు గల
తమ విధేయుడు.