పండుఈగ ముఖం చూసిన లెన్సును

నేను ఫోను కెమెరాకు క్లిప్పుతో తగిలించే మాక్రో లెన్సును. కోంటలో పుట్టి జగదల్‌పూర్‌లో వ్యవసాయం చదువుతున్న ఒక తెలుగమ్మాయి నన్ను బస్తర్ తోటలన్నీ తిప్పింది. ఎన్నో పురుగులను చూపించింది కానీ, నా మనసు నిలిచింది పండుఈగల మీదే.

పండుఈగ పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ఆడది మామిడికాయ తొక్కలో గుడ్లు దింపుతుంది. లోపల పురుగు గుజ్జు తిని, నేలలోకి దిగి కోశమవుతుంది. రైతు కంటపడేది కుళ్ళిన కాయే. మరి ఈగ నాకెలా చిక్కింది? తులసి వల్ల. ఆకులు నలిపి కొబ్బరిచిప్పలో పెడితే మగ ఈగలు వచ్చి వాలి, కదలకుండా నాకుతూ కూర్చుంటాయి. తులసిలోని మిథైల్ యూజినాల్ వాటిని లాగుతుంది. ఆ పదార్థానికున్న ఈ గుణాన్ని బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ 1915లో వెల్లడించాడు. నేటి పండుఈగ బుట్టల్లో పెట్టే ఎర కూడా అదే.

వచ్చినవన్నీ ఒకే జాతి కావు. రెక్క ముందు అంచున నల్లని పట్టీ తెగకుండా కొసదాకా సాగితే అది బాక్ట్రోసెరా డోర్సాలిస్. పట్టీ తెగి, కొసన మచ్చ మాత్రం మిగిలితే జొనాటా గానీ కరెక్టా గానీ కావచ్చు. వీపు ఎర్రమట్టి రంగైతే జొనాటా, నలుపైతే కరెక్టా అనుకుంటాం. కానీ రంగును నమ్మి పేరు పెట్టకూడదు, ముఖం చూడాలి. జొనాటాకు రెండు గుండ్రని చుక్కలు ఎడంగా ఉంటాయి. కరెక్టాకు ఆ చుక్కలు అడ్డంగా సాగి, మీసంలా దాదాపు కలుస్తాయి. ఆ మీసం తేటగా పడిన రోజు నాకు పండగే.

నాకు స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరైనా ఉండదు. ముఖం బాగా వస్తే రెక్క మసకబారుతుంది. ఒక్క ఫొటోతో పేరు చెప్పమంటే అది అన్యాయం.

"పేరు తెలిస్తే ఏమొస్తుందే అమ్మా?" అని వాళ్ళ నాన్న అడిగాడు.

"బీరపాదు మీది ఈగ ఈ ఎరకు రాదు నాన్నా. దానికి క్యూ లూర్ అనే వేరే ఎర పెట్టాలి. పేరు తప్పితే బుట్ట ఖాళీయే."

నాకూ హద్దుంది. రాలిన ఇప్పపూల మీద ముసిరే డ్రోసోఫిలా ఈగల్లో చాలావాటిని మగ ఈగ జననాంగాలు సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప విడదీయలేరు. అక్కడ ప్రజాతి పేరు దగ్గరే ఆగడం నిజాయితీ. ఈగలను చేతిలో పెట్టుకున్న నిపుణులకే ఏళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. ఆఫ్రికాలో మామిడిని పాడుచేసిన ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని కొత్త పేరు పెట్టారు. అది డోర్సాలిసే అని 2015లో తేల్చారు.

పండుఈగ కనిపిస్తే ముఖం, వీపు, రెక్క మూడూ విడివిడిగా తీయండి. ఊరు, తేదీ, ఏ చెట్టు మీద దొరికిందో తప్పక రాసిపెట్టండి.