పండుగప్ప ముక్కకు న్యాయం జరగాలి

అయ్యా, ఇది మీకూ జరిగే ఉంటుంది. పరువు కోసం బయటపెట్టలేదు, అంతే. హోటల్లో పండుగప్ప వేపుడు తిన్నారు. పైన ఎర్రగా కరకర, లోపల రేకులు రేకులుగా విడే తెల్లటి కండ. బిల్లు చూశారు. కళ్లు తిరిగాయి. "ఇదే ఇంట్లో చేసుకుంటే పావు ఖర్చు" అని ఇంటావిడతో అన్నారు. గృహస్థుడి పతనం సరిగ్గా ఈ వాక్యంతోనే మొదలవుతుంది. ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం.

ఏలూరులో ఉన్నవాడు చేప గురించి ఏడిస్తే లోకం నవ్వుతుంది. పక్కనే కొల్లేరు. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కించారు. చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి మంచుగడ్డల మధ్య పడుకుని లారీల్లో హౌరా దాకా దర్జాగా వెళ్తున్నాయి. ఆటపాక గూడబాతులకి రోజూ విందే. వాటికి ముక్క ఎర్రబడాలన్న పట్టింపు లేదు. మనకే ఈ జబ్బు.

చేపల బజార్లో కత్తిపీట ముందు కూర్చున్నావిడకి విన్నవించుకున్నాను: "వేపుడికమ్మా, వేలెడు మందంగా, అన్నీ ఒకే లెక్కన కొయ్యి." "ఆయ్, అలాగేనండి" అంది. ఇంటికొచ్చి చూస్తే ఒకదాంట్లోంచి వెలుతురు కనబడుతోంది, ఇంకోదాన్ని పెనంమీద నిలబెట్టొచ్చు. పల్చటిది మాడేవేళకి మందపాటిది పచ్చిగానే ఉంటుంది. తలకాయ మాత్రం మర్చిపోకుండా వేసింది.

ఇక తడి. అమెరికాలో ఇనప పెనంమీద స్టీకు కాల్చుకునే మా మేనల్లుడు ఫోన్లో ఉపదేశించాడు: "ముక్కని పొడిగా తుడవండి మావయ్యా, ఉన్నదంతా అందులోనే ఉంది." నిజమే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తడి ఆరిందాకా ముక్క పైభాగం ఆ గడప దాటదు. ఎర్రబడటమనేది సుమారు 140 డిగ్రీల దగ్గర ఊపందుకునే వ్యవహారం. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ గుట్టు లోకానికి చెప్పాడు. పాపం, ఆయనకి మా ఇల్లు తెలియదు. ఇక్కడ చేపని ఉప్పూ, పసుపూ, నిమ్మకాయా పట్టించి ఏడు నీళ్లలో కడుగుతారు. ఆపైన అల్లంవెల్లుల్లి ముద్దలో ఇంకాసిని నీళ్లు పోస్తారు, మిక్సీ తిరగాలి కదా! తుడుద్దామని వంటింటి గుడ్డ అందుకున్నాను. "ఏవండీ, అది గిన్నెలది." ఇంకోటి తీశాను. "అయ్యో, అది గట్టుది." చివరికి విజ్ఞానశాస్త్రం కోసం నా తువ్వాలు ఆత్మార్పణ చేసుకుంది. ఉతకడం కూడా నావంతే.

హోటల్ బర్నర్ రంకెలు వేస్తుంది, మన గ్యాస్ పొయ్యి గొణుగుతుంది. ముక్కలన్నీ ఒక్కసారే పరిచామా, పెనం చల్లారుతుంది, నీరు ఊరుతుంది, వేపుడు కాస్తా ఉడుకుడైపోతుంది. రెండేసి చొప్పున వేద్దామంటే వెనకాల కంచాలు మోగుతున్నాయి. అసలు ధర్మసూక్ష్మం వేరే ఉంది: ముక్కని కదపకూడదు. అడుగు గట్టిపడితే తనంతట తనే పెనాన్ని వదులుతుంది. ఈ మాట మా అమ్మకి చెప్పి చూడండి. "అంటుకుంటోందిరా, తిప్పు!" "మాడిపోతోందిరా, తిప్పు!" మాతృవాక్య పరిపాలకుణ్ణి, తిప్పాను. తోలు పెనానికి దక్కింది, కండ అట్లకాడకి దక్కింది. ముల్లు నాకు.

పొగ సంగతి ఎత్తను. మేడమీదివాళ్లది కార్తీక మాసం.

2022 ఏప్రిల్ 4న మాకు కొత్త జిల్లా ఇచ్చారు, సంతోషం. అంత చేసిన ప్రభుత్వానికి మా కోరికలొక లెక్కా? ఇంటింటికీ హోటల్ బర్నర్, ముక్క మందానికో చట్టం, వేపుడు వేళ వంటింట్లో పాత 144 సెక్షన్. తాడేపల్లిగూడెం మా వియ్యంకుడు కూడా ఈ అర్జీమీద సంతకం పెడతానన్నారు. ఆయనవి కొర్రమీను కష్టాలు, ఇంటికొచ్చాక కూడా అది బతికే ఉంటుందిట. మా గోడు వినకపోతే ఇద్దరం కలెక్టరాఫీసు ముందు ఆమరణ నిరాహార దీక్షకి కూర్చుంటాం. ఆదివారం మినహా.