ఇంటిపట్టు హెలికాప్టర్ యోధుడు

సిమ్యులేటర్‌లో యుద్ధ హెలికాప్టర్ నేర్చుకునే మనిషి హైదరాబాదులో ఎక్కువగా ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రూపంలో దొరుకుతాడు. పగలంతా మీటింగుల్లో ఉంటాడు. రాత్రి పదిన్నరకి ఇంటిల్లిపాదీ పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని యుద్ధానికి బయల్దేరతాడు. యుద్ధం అని మర్యాదకి అనాలి గానీ, కొత్తలో నెలల తరబడి ఇతని చేతిలో శత్రువుల ట్యాంకు ఒక్కటీ కాలదు. ట్యాంకులున్న చోటి దాకా వెళ్తే కదా! కాలిందల్లా సొంత హెలికాప్టరే, అదీ హెలిప్యాడ్ మీదే.

ఈ విద్యలోకి వచ్చేవాళ్లలో రెండు తెగలున్నాయి. ఒక తెగ 1992 నాటి కొమాంచి, 1996 నాటి లాంగ్‌బో లాంటి ఆటలు చిన్నప్పుడు ఆడినవాళ్లది. అప్పట్లో నాలుగు మీటలు తెలిస్తే కొండల మధ్య దూసుకుపోయేవాళ్లు. ఆ ధైర్యం ఇన్నేళ్లు నిలవున్నా చెడలేదని వీళ్ల నమ్మకం. రెండో తెగ ఫైటర్ జెట్ సిమ్యులేటర్ల నుంచి వలస వచ్చింది. వీళ్ల లెక్క ఇంకా తేలిక. జెట్టు గంటకి వెయ్యి కిలోమీటర్లు పోతుంది, హెలికాప్టర్‌కి మూడువందలు దాటడమే గగనం, కాబట్టి కష్టం కూడా మూడోవంతే ఉంటుంది. చేతులు వదిలేస్తే విమానం కాసేపు తన మానాన తాను ఎగురుతుంది, హెలికాప్టర్ తన మానాన తాను పడుతుంది. ఈ ఒక్క తేడా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు రెండు తెగలూ చేరే చోటు ఈగిల్ డైనమిక్స్ సంస్థ తయారుచేసిన డీసీఎస్ వరల్డ్. ఉచితం అన్న మాట చూసి డౌన్‌లోడ్ చేసుకుంటారు. తీరా చూస్తే ఉచితంగా వచ్చేవి సుఖోయ్-25టీ అనే జెట్టు, టీఎఫ్-51డీ అనే పాతకాలపు పంకా విమానం. హెలికాప్టర్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2008లో వచ్చిన రష్యా వారి కా-50తో మొదలుపెట్టి హ్యూయీ, మి-8, గజెల్, మి-24, అపాచీ దాకా అంగట్లో ఉన్నాయి. మిగతా ఆటల్లో బొమ్మగా ఉండే స్విచ్చులు ఇందులో నిజంగా పనిచేస్తాయి. ఇతన్ని ఆకర్షించేదీ ఇదే, ముంచేదీ ఇదే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డౌన్‌లోడ్ ఇంకా సగంలో ఉండగానే ఇతను తనకొక కాల్‌సైన్ పెట్టుకుంటాడు. అది సాధారణంగా గరుడ.

హెలికాప్టర్‌కి పగ్గాలు మూడు. కుడిచేతిలోని సైక్లిక్‌ని ఎటు వంచితే రోటర్ అటు వాలుతుంది, యంత్రం అటు జరుగుతుంది. సీటుకి ఎడమ పక్కనుండే కలెక్టివ్‌ని పైకి లాగితే రోటర్ రెక్కలన్నీ ఒక్కసారిగా కోణం పెంచుకుని యంత్రాన్ని లేపుతాయి. కాళ్ల కింది పెడళ్లు తోక రోటర్‌ని అదుపు చేస్తూ ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పుతాయి. కొత్తవాడి దగ్గర ఈ మూడింటికీ కలిపి ఒక్కటే జాయ్‌స్టిక్ ఉంటుంది, సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడి తెచ్చింది. కర్రని మెలితిప్పితే పెడలు. కర్ర మొదట్లో ఉన్న రెండంగుళాల ప్లాస్టిక్ మీట కలెక్టివ్. హ్యూయీలోని 1400 గుర్రాల ఇంజన్ ఆ మీట మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే మొదటి ధర్మసందేహం పుడుతుంది. అసలు హెలికాప్టర్‌లో పైకి లేవాలంటే కలెక్టివ్‌ని తనవైపు, పైకి లాగాలి. జెట్టు థ్రాటిల్ అలవాటు ప్రకారం పైకి పోవాలంటే ముందుకి తోయాలి. వాస్తవికత ముఖ్యమని ఇతను సెట్టింగుల్లో దిశ మార్చుకుంటాడు. నేల దగ్గరకొచ్చి కంగారుపడినప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారం ముందుకి తోస్తుంది, యంత్రం నేలలో దిగబడుతుంది. వారం తర్వాత దిశ మళ్లీ పాతదే అవుతుంది, ఈసారి కారణం సౌకర్యం. మూడో నెలలో పెడళ్లు లేనిదే ఈ విద్య రాదని తెలుస్తుంది. పెడళ్ల పెట్టె ఇంటికొచ్చిన రోజు భార్యకి అది నడుంనొప్పికి వాడే ఫుట్‌రెస్ట్ అని పరిచయమవుతుంది. ధర కూడా ఫుట్‌రెస్ట్ ధరే చెబుతాడు.

కాక్‌పిట్‌లో మొదటి ఘట్టం ఇంజన్ స్టార్ట్ చేయడం. మి-8లో అయితే బ్యాటరీలు, ఇంధన పంపులు, వాల్వులు, తర్వాత ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజన్, అది ఇచ్చే గాలితో ఒక పెద్ద ఇంజన్, ఆపైన రెండోది, ఆ మీదట జనరేటర్లు, జైరోలు. ఇదంతా ఇతను లామినేషన్ చేయించిన కాగితం పక్కన పెట్టుకుని, ఒక్క స్విచ్చు కూడా దాటవేయకుండా మహా నిష్ఠగా చేస్తాడు. ఈ తతంగమంతా దానంతటదే జరిగిపోయే ఆటో స్టార్ట్ సదుపాయం ఉంది. దాన్ని వాడేవాళ్ల గురించి ఇతనికి సదభిప్రాయం లేదు. కారణం వెతకనక్కర్లేదు. మొత్తం విద్యలో ఇతను మొదలుపెట్టి చివరిదాకా చేయగలిగింది ఇదొక్కటే. ఇంటికి స్నేహితులొస్తే ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తాడు. రోటర్ పూర్తి వేగం అందుకున్నాక ఇక ఎగిరి చూపించమని అడిగితే, వాతావరణం సరిగా లేదంటాడు.

వాతావరణం బాగున్న రోజున కథ ఇలా నడుస్తుంది. హ్యూయీ రోటర్ పైనుంచి చూస్తే అపసవ్యదిశలో తిరుగుతుంది. కలెక్టివ్ లాగగానే ఆ శక్తికి ఎదురుగా యంత్రం ముక్కు కుడివైపు తిరుగుతుంది. ఎడమ పెడలు తొక్కాలి. తొక్కేసరికి తోక రోటర్ మొత్తం యంత్రాన్ని కుడివైపు నెడుతుంది. సైక్లిక్ ఎడమకి వంచాలి. వంచితే పైకెత్తే బలం కాస్త తగ్గుతుంది, కలెక్టివ్ ఇంకొంచెం లాగాలి. లాగితే ముక్కు మళ్లీ కుడికి. గారడీవాడు గెడకర్రని గడ్డం మీద నిలబెట్టినట్టు, పడబోతుందని తెలిసేలోపే సర్దాలి, తెలిశాక సర్దితే ఆలస్యం. ఒకచోట కదలకుండా గాల్లో నిలబడటాన్ని హోవర్ అంటారు. చూసేవాళ్లకి అందులో ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. అందుకే హోవర్ వచ్చిందని ఇతను అర్ధరాత్రి భార్యని లేపి చూపిస్తే, ఆమె తెర వైపు కాసేపు చూసి, ‘ఆగిపోయిందా? ఇంటర్నెట్ పోయినట్టుంది’ అని మళ్లీ పడుకుంటుంది.

హోవర్ చేస్తున్నప్పుడు ఇతన్ని దగ్గర నుంచి చూడటం ఒక అనుభవం. కర్రని నాలుగు వేళ్లూ తెల్లబడేలా పట్టుకుని ఉంటాడు. ఊపిరి బిగించి ఉంటాడు. హెలికాప్టర్ ఎడమకి జరిగితే కుర్చీలో తాను కుడికి ఒరుగుతాడు. సరిచేయాల్సినంతకన్నా రెట్టింపు సరిచేస్తాడు, దాన్ని సరిచేయడానికి మళ్లీ రెట్టింపు. నాలుగు ఊపుల తర్వాత రోటర్ నేలని తాకుతుంది. గురువులు చెప్పే సూత్రాలు ఇతనికి కంఠతా వచ్చు: కర్రని కదపకూడదు, ఒత్తిడి మాత్రం ఇవ్వాలి, చూపు కాళ్ల దగ్గర కాకుండా దూరాన ఉంచాలి, కాలివేళ్లు ఆడిస్తూ ఉంటే చెయ్యి బిగుసుకోదు. అవన్నీ పైకి వల్లిస్తూనే పడిపోతాడు. అసలు పైలట్‌కి యంత్రం జారుతున్న సంగతి సీటు ద్వారా ఒంటికి తెలుస్తుంది, కంటి చివర నుంచి నేల కనిపిస్తుంది, తెర ముందు ఆ రెండూ ఉండవు కాబట్టి ఇక్కడ హోవర్ ఇంకా కష్టమని ఇతను వాదిస్తాడు. ఇది సాకే గానీ అబద్ధం కాదు.

ముందుకి పోవడం మాత్రం తొందరగానే పట్టుబడుతుంది. 16 నుంచి 24 నాట్ల వేగం మధ్యలో రోటర్ తాను కిందికి తోసిన గాలిని వదిలించుకుని కొత్త గాలిలోకి ప్రవేశిస్తుంది, యంత్రం ఒకసారి వణికి తేలికపడుతుంది. అక్కణ్నుంచి హాయి. నల్లసముద్రం ఒడ్డున బటుమి నుంచి కొబులేటి దాకా ఇతను రాజాలా వెళ్తాడు. జార్జియా దేశపు తీరం ఇతనికి సొంత జిల్లా కన్నా బాగా తెలుసు, ఎందుకంటే ఉచితంగా వచ్చే కాకసస్ మ్యాపు అక్కడిది. చిక్కల్లా కొబులేటిలో ఆగడం.

దిగేటప్పుడు ముందుకి వేగం బాగా తగ్గిపోయి, ఇంజన్ శక్తి వాడుతూనే నిమిషానికి 300 అడుగులకు మించి నిటారుగా కిందికి జారితే, రోటర్ తాను తోసిన సుడిగాలిలోనే తాను కూరుకుపోతుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ స్టేట్ అంటారు. అప్పుడు కలెక్టివ్ ఎంత లాగితే అంత వేగంగా పడుతుంది. బయటపడాలంటే సైక్లిక్ ముందుకి వంచి వేగం తెచ్చుకోవాలి. క్లోడ్ వుయిషార్ అనే స్విట్జర్లాండ్ పైలట్ పక్కకి జారి తప్పించుకునే పద్ధతిని ప్రచారం చేశాడు. ఇతనికి రెండు పద్ధతులూ తెలుసు. పడుతున్నప్పుడు అందులో ఏది వాడాలో ఆలోచిస్తాడు. వుయిషార్ అనే పేరు సరిగ్గా పలికేసరికి నేల వచ్చేస్తుంది.

ట్రిమ్ అనే మరో గండం ఉంది. అసలు హెలికాప్టర్‌లో ట్రిమ్ బటన్ నొక్కి వదిలితే సైక్లిక్ ఉన్నచోటే నిలబడుతుంది, చేతికి శ్రమ తప్పుతుంది. బల్లమీది జాయ్‌స్టిక్‌కి లోపల స్ప్రింగు ఉంటుంది, వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. కాబట్టి బటన్ వదలగానే కర్రని కూడా చప్పున మధ్యకి తేవాలి. తేవడం మరిచిపోతే ట్రిమ్ చేసినదీ చేత్తో వంచినదీ కలిసి ముక్కు నేలకి గురిపెడుతుంది. స్ప్రింగు ఊడదీస్తే సరిపోతుందని ఎవరో చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం జాయ్‌స్టిక్ విప్పుతాడు. తిరిగి బిగించాక రెండు మరలు మిగులుతాయి.

తప్పు యంత్రానిదేనన్న నిర్ణయానికి రావడం తర్వాతి దశ. తోక రోటర్ ఉంది కనుకే ఈ తిప్పలని కా-50కి మారతాడు. అందులో ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, తోక రోటరే ఉండదు. పైగా ఎజెక్షన్ సీటు ఉంటుంది. మీట లాగితే ముందు రోటర్ రెక్కలు తెగి ఎగిరిపోతాయి, తర్వాత రాకెట్ పైలట్‌ని బయటికి లాగుతుంది. ఇంట్లో ఏడేళ్ల కొడుకుకి నాన్న విద్యలో నచ్చినది ఇదొక్కటే. ‘నాన్నా, దూకెయ్ నాన్నా’ అని పక్కన నిలబడి ప్రోత్సహిస్తుంటాడు. కా-50లో పైలట్ ఒక్కడే, నడపడం, గురిచూడటం, కాల్చడం అన్నీ తానే చూసుకోవాలని తెలిశాక మి-24కి మారతాడు. అది బరువైన మనిషి. ఆయుధాలు నిండా ఎక్కిస్తే గాల్లో నిలబడటానికి మొరాయిస్తుంది, విమానంలా రన్‌వే మీద పరుగెత్తించి లేపాలి. హోవర్ తప్పినందుకు ఇతను సంతోషిస్తాడు.

చివరి మజిలీ అపాచీ. దాని ముక్కు కింద 30 మిల్లీమీటర్ల తుపాకి తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, కుడికంటి ముందున్న అద్దంలో గురి కనిపిస్తుంది. అపాచీ మొండేలు 2018 నుంచి హైదరాబాదు శివార్లలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థలో తయారవుతున్నాయి. ఈ సంగతి ఇతను చెప్పే తీరు చూస్తే రివెట్లలో సగం తానే కొట్టాడేమో అనిపిస్తుంది.

ఇతని మొదటి విజయం కూడా అపాచీలోనే దక్కుతుంది. ఇందులో రెండు సీట్లు. ఖాళీగా ఉన్న సీటులో జార్జ్ అనే కృత్రిమ సహచరుడు కూర్చుంటాడు. మి-24లో ఇదే పని పెట్రోవిచ్ చేస్తాడు. ఒకరాత్రి ఇతను విసిగి ముందు సీటులోకి మారి, నడపడం జార్జ్‌కి అప్పగిస్తాడు. జార్జ్ కిమ్మనకుండా లేచి, చెప్పిన చోటికి తీసుకెళ్లి, గాల్లో నిలబెడతాడు. ఇతను తీరిగ్గా హెల్‌ఫైర్ క్షిపణి వదిలి ఒక ట్యాంకుని కాలుస్తాడు. మర్నాడు ఆఫీసులో లంచ్ బల్ల దగ్గర ఆ ఘట్టం ఇరవై నిమిషాలు సాగుతుంది. జార్జ్ ప్రస్తావన రాదు.

ఇంట్లో వాళ్లతో వచ్చే పేచీలు ఎక్కువగా ఒక్క మాట దగ్గరే. సెలవు రోజున పగలే కూర్చున్నప్పుడు అమ్మ వచ్చి ‘అన్నం చల్లారిపోతోంది రా’ అంటే, ‘గాల్లో ఉన్నానమ్మా, దిగుతున్నా’ అంటాడు. ఆటని ఆపే మీట కీబోర్డు మీద ఉంది. నిజం హెలికాప్టర్‌కి ఉండదు కనుక ఇతను దాన్ని ముట్టుకోడు. కాసేపటికి గదిలోంచి పేలుడు శబ్దం వస్తుంది. దిగాడని అమ్మకి అర్థమై కంచం పెడుతుంది.

బయట మాత్రం గౌరవం ఉంది. హకీంపేటలో వైమానిక దళం వారి హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది, అల్వాల్, బొల్లారం మీదుగా చేతక్‌లు ఎగురుతుంటాయి. ఆ వైపు బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్లినప్పుడు చప్పుడు వినగానే, తల ఎత్తకుండా, ‘చేతక్. ఫ్రెంచి డిజైను. రోటర్ సవ్యదిశ, కుడి పెడలు తొక్కాలి’ అంటాడు. అది నిజమే. పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు, కుర్రాళ్లు చుట్టూ చేరతారు. పై హెలికాప్టర్‌లో ఉన్నది కూడా నేర్చుకుంటున్న కుర్రవాడే కావచ్చు. ఇతను మాత్రం కింద నిలబడి వాడి హోవర్‌లో లోపాలు చెబుతుంటాడు. రెండు కొత్తముఖాలు దొరికితే పాఠం మొదలవుతుంది, ఎందుకంటే ఈ విద్యలో నేర్చుకోవడం పూర్తికాకముందే నేర్పడం మొదలవుతుంది.

ఇలాంటివాడు బంధువర్గంలో ఉన్నవాళ్లు ఎన్ని ట్యాంకులు కాల్చావని మాత్రం అడగవద్దు. హోవర్ ఎంతసేపు నిలిచిందని అడగండి, పొంగిపోతాడు. భోజనం వేళకి ఇంటికి చేరాలనుకుంటే అదీ అడగవద్దు.